రంభ దీవులు: పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే చోటు

(బరంపురంలో తెలుగువారి ఆదివారం సభలో చేసిన ప్రసంగం. రికార్డు చేసి, పెద్దగా మార్పులు లేకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, ముందు వరసలో ఉన్న అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళకు కూడా. ఇటు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి.

నిర్వాహకులు నన్ను మన ఒడిశా తీరంలోని చిల్కా సరస్సు మీద మాట్లాడమన్నారు. చిల్కా అంతా చెప్పాలంటే ఒక పూట చాలదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకునే నీళ్ళు, చుట్టూ పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాలు. అన్నీ తడమబోతే ఏదీ చేతికి రాదు. అందుకని మన వైపు మూలకే వస్తాను. దక్షిణం కొసన, రంభ దగ్గర, నీళ్ళలో ఉన్న చిన్న చిన్న దీవులు. ముఖ్యంగా ఒక దీవి. దాని పేరు సంకుడా. పడవ టికెట్టు ఇచ్చే చోట మాత్రం అందరూ బ్రేక్‌ఫాస్ట్ దీవి అనే అంటారు. వెనకటి రోజుల్లో దొరలూ రాజులూ పొద్దున్నే పడవలో వెళ్ళి అక్కడ ఫలహారం చేసేవారని, అలా ఆ పేరు వచ్చిందని చెబుతారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే, ముందే చెప్పేస్తాను. ఆ దీవుల మీద గదులు కట్టి రాత్రిళ్ళు ఉండేలా చేస్తే ఎంత బాగుంటుందో అని ఈ మధ్య చాలామంది నాతో అంటున్నారు. నేను వద్దంటాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఆ దీవుల కథ మొదటి నుంచీ చెప్పాలి.

ముందు నేల సంగతి. చిల్కా ఉత్తరం వైపు దీవులు చాలావరకు ఒండ్రు, ఇసుక. నలబణ దీవి అయితే వానాకాలంలో పూర్తిగా మునిగిపోయి, నీళ్ళు తగ్గాక తేలుతుంది. చలికాలంలో పక్షులు దిగేది అక్కడే. మన రంభ వైపు అలా కాదు. ఇవి రాతి గుట్టలు. తూర్పు కనుమలు సముద్రం దగ్గరికి వచ్చేసిన చోటు ఇది. ఆ కొండలు నీళ్ళలో దిగబడగా పైకి మిగిలిన శిఖరాలే ఈ దీవులు. అందుకే రైల్లో పోతుంటే రంభ దాటాక ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు, నీళ్ళలో మళ్ళీ కొండలు. హౌరా వెళ్ళే బండిలో ఎడమ పక్క కూర్చున్నవాళ్ళు లేచి కుడి పక్కకు వచ్చేది ఇక్కడే. నీళ్ళు కూడా ఇక్కడ మిగతా చోట్లకన్నా లోతు, తేట. అడుగున సముద్రపు గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డి పడవ ఫ్యానుకు చుట్టుకుంటే ఇంజన్ ఆగిపోతుంది. అప్పుడు నడిపేవాడు ఇంజన్ పైకెత్తి, కత్తితో గడ్డి కోసి, మళ్ళీ దించి తాడు లాగుతాడు. ఈలోగా పడవలో ఉన్న మనకి కొంచెం టెన్షనే. ఆయన మాత్రం కంగారు పడడు. వెదురు గడ దించి లోతు చూస్తాడు, గాలి ఎటు ఉందో చూస్తాడు, ఆ తర్వాతే గడ్డి మీద చెయ్యి వేస్తాడు.

ఇక మనుషుల కథకు వద్దాం.

1766లో నిజాంతో ఒప్పందం అయ్యాక ఉత్తర సర్కారులు ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చాయి. అందులో ఉత్తరం కొస మన గంజాం. దొరల కచేరీ మొదట బరంపురంలో లేదు, ఋషికుల్య మొగ దగ్గర గంజాం ఊళ్ళో ఉండేది. ఆ ఊరికి రేవు ఉంది, కోట ఉంది. 1815లో ఆ ఊళ్ళో విషజ్వరాలు వచ్చి జనం చాలామంది పోయాక కచేరీ అక్కడినుంచి లేచిపోయింది. మన బరంపురం పెద్ద ఊరు కావడానికి ఆ జ్వరాలు కూడా ఒక కారణం.

దానికి పాతికేళ్ళ ముందు గంజాంకి థామస్ స్నాడ్‌గ్రాస్ అని ఒక కలెక్టరు వచ్చాడు. 1790 తర్వాత ఒకటి రెండేళ్ళు సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువు. దాదాపు అదే కాలంలో ఈయన రంభలో నీటి ఒడ్డున పెద్ద మేడ లేపాడు. ఇప్పుడు రంభ ప్యాలెస్ అని మనం చూస్తున్నది దాని వారసత్వమే. నీళ్ళ మధ్యన ఒక బండ మీద సూదిగా ఒక స్తంభం కట్టించాడు. పైన దీపం పెట్టాలని దాని ఉద్దేశం. ఇవాళ్టికీ ఆ స్తంభం అక్కడే ఉంది, ఘంటశిల కొండకు దగ్గర్లో. బీకన్ దీవి అని మీరంతా ఫోటోలు తీసుకునేది దాన్నే. నేల ఏమీ లేదు అక్కడ, బండ మాత్రమే. పడవ ఆనించడం కూడా కష్టం.

స్నాడ్‌గ్రాస్ పాలన మీద ఆరోపణలు వచ్చాయి, శిస్తు లెక్కలు తేలలేదన్నారు, పదవి పోయింది. లండన్ వెళ్ళాక పింఛను ఇవ్వకపోతే కుంఫిణీ ఆఫీసు ముందు చీపురు పట్టుకుని వీధి ఊడ్చాడని, పరువు పోతుందని వాళ్ళు పింఛను ఇచ్చేశారని ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గానీ, కరువులో మేడ కట్టినవాడి గురించి జనం ఊరికే మాట్లాడుకోరు. నాకు ఆ స్తంభం చూసినప్పుడల్లా దాని అందం కన్నా ముందు ఆ కరువు గుర్తొస్తుంది. ఆ రోజుల్లో రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మనకు ఏ రికార్డులోనూ కనబడవు.

మేడ తర్వాత్తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఖల్లికోట కాలేజీలో చదివినవాళ్ళే అయి ఉంటారు. ఆ కాలేజీకి పేరు వచ్చింది ఆ వంశం ఇచ్చిన విరాళం వల్లే. ఆ వంశంలో హరిహర మర్దరాజ్ ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకటి కావాలని పాటుపడినవాళ్ళలో ముఖ్యుడు. 1903 చివర్లో కటకంలో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చింది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం చాలావరకు ఇటు వచ్చింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు మిగిలాయి. మన ఇళ్ళల్లో అన్న ఇటు, తమ్ముడు అటు అయింది అప్పుడే. దాని గురించి మాట్లాడితే ఇంకో సభ పెట్టాలి, ఇక్కడ ఆపేస్తాను.

సంకుడా దీవి మీద విడిది కట్టింది ఆ ఖల్లికోట రాజులే. ఇప్పుడు శిథిలమే మిగిలింది. వెళ్ళినవాళ్ళకు తెలుసు. పడవ దిగి రాళ్ళ మీద కాళ్ళు జాగ్రత్తగా వేసుకుంటూ ఎక్కితే చెట్ల మధ్య పాత గోడలు కనబడతాయి. పైన కప్పు లేదు. సున్నం రాలిపోయి లోపలి ఇటుక బయటపడింది. వేర్లు గోడ సందుల్లోకి దూరి ఇటుకను పట్టుకున్నాయి. ఇప్పుడు ఆ వేళ్ళను కొట్టేస్తే గోడ పడిపోతుంది, ఉంచితే కొన్నాళ్ళకు అవే గోడను చీల్చేస్తాయి. చుట్టూ ఒకప్పుడు తెచ్చి నాటిన మొక్కలు అడవి మొక్కలతో కలిసిపోయాయి.

రాజుల చేతిలో డబ్బు ఉంది, పనివాళ్ళు ఉన్నారు, పడవలు ఉన్నాయి. అయినా వాళ్ళు కాపురం ఉన్నది రంభ మేడలో. దీవిని విహారానికి వాడుకున్నారు. ఎందుకంటే చుట్టూ ఎన్ని నీళ్ళున్నా తాగడానికి పనికిరావు. సముద్రపు ఉప్పు, నదుల తీపి కలిసిన నీళ్ళు అవి. వంట సరుకు, కట్టెలు, బిందెలతో మంచినీళ్ళు, అన్నీ ఒడ్డు నుంచి రావాల్సిందే. 1951లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, జమీందారీలు పోయాయి. ఇలాంటి విడిది ఇళ్ళను చూసుకునే దిక్కు లేకుండా పోయింది. ఒడ్డు మీద ఇల్లయితే ఎవరో ఒకరు వాడుకుంటారు. నీళ్ళ మధ్య ఇంటికి ఏటా మరమ్మతు చేయించేదెవరు?

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథకు వస్తాను. బర్కుడా దీవి. హనీమూన్ దీవి అని పిలుస్తున్నారు, రంభ జెట్టీ నుంచి 5 కిలోమీటర్ల దూరం. నెల్సన్ అనండేల్ అని ఒక జంతు శాస్త్రవేత్త ఉండేవాడు. 1916లో భారత జంతు సర్వేక్షణ సంస్థ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టరు ఆయనే. చిల్కాలో ఉన్న ప్రాణులన్నిటినీ పట్టి పట్టి చూశాడు. రొయ్య, పీత, నత్త, స్పంజి, ఏదీ వదల్లేదు. 1917లో ఆయన బర్కుడా మీద దొరికిన ఒక ప్రాణికి పేరు పెట్టాడు. కాళ్ళు లేని నలికిరి. చూస్తే చిన్న పాము అనుకుంటాం, పెద్ద వానపాము అనుకున్నా తప్పు లేదు. కానీ అది నలికిరి జాతి. వదులు మట్టిలో, రాలిన ఆకుల కింద, వేర్ల మధ్య ఉంటుంది. దాని శాస్త్రీయ నామం బర్కుడియా ఇన్సులారిస్, మన దీవి పేరే. ఆ తర్వాత దశాబ్దాల పాటు అది మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇంక లేదేమో అనుకున్నారు. ఈ శతాబ్దం మొదట్లో మళ్ళీ దొరికింది. ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది ఇప్పుడు.

దానికి ఒక చుట్టం కూడా ఉంది. ఎక్కడో కాదు, మన విశాఖపట్నం వైపే. అదీ కాళ్ళు లేనిదే, అదే బర్కుడియా ప్రజాతి. అంటే ఈ కోస్తా అంతా ఒకటే నేల అని ఆ మట్టిలో ఉన్న ప్రాణులు చెబుతున్నాయి. రాష్ట్రం సరిహద్దు వాటికి తెలియదు కదా.

నాకు ఈ సంగతి తెలిసినప్పటినుంచీ ఆ దీవుల మీద కాలు పెట్టేటప్పుడు జాగ్రత్త వచ్చింది. పులి ఉంటే కంచె వేస్తారు, బోర్డు పెడతారు. ఇది మట్టిలో ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఒక కాటేజీ కట్టాలంటే ముందు ఏం చేస్తారు? పొదలు కొట్టి, ఆకులు ఊడ్చి, నేల చదును చేసి, టైల్స్ వేస్తారు. ఎవరూ దాన్ని చంపాలనుకోరు. దాని ఇల్లు మాత్రం పోతుంది. అంత చిన్న దీవిలో ఇంకో చోటికి పోదామంటే చోటెక్కడ?

ఈ దీవుల చుట్టూ బతికేవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ మాటలన్నీ సగమే. చిల్కా మీద వేట చేసేవాళ్ళలో ఒడియా కేవుటలు, కండరాలు, తియరలు ఉన్నారు. మనవాళ్ళూ ఉన్నారు. వాడబలిజలు, జాలర్లు. ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు. ఋషికుల్య మొగ దగ్గర పొదంపేట పేరు వింటేనే తెలుస్తుంది ఎవరి ఊరో. ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలాదిగా వచ్చి గుడ్లు పెట్టేది. నేను ఎక్కిన పడవ నడిపిన పెద్దాయన తెలుగులోనే మాట్లాడాడు. మధ్యలో ఫోన్ వస్తే ఒడియాలో మాట్లాడి, మళ్ళీ తెలుగులోకి వచ్చేశాడు. నాలుగు దాటితే గాలి తిరుగుతుంది, అప్పుడు ఇంకాసేపు ఉందామంటే కుదరదని ఎక్కేముందే చెప్పేశాడు. దీవి మీద కూర్చుని టీ తాగుతూ "ఇంకో అరగంట" అని అడిగినవాళ్ళు మా బృందంలో ఉన్నారు. ఆయన మాట్లాడలేదు, లంగరు తీసేశాడు.

వెళ్ళేటప్పుడు నీళ్ళలో వెదురు కర్రలు పాతి, వాటి మధ్య వలలు కట్టి ఉండటం చూస్తారు. చేపను తరిమి లోపలికి తెచ్చి నెమ్మదిగా దగ్గరకు చేర్చే పాత పద్ధతి అది. జానో అంటారు. దానికి హద్దులున్నాయి, వంతులున్నాయి, తరతరాల లెక్క ఉంది. 1980ల తర్వాత రొయ్య రేటు పెరిగేసరికి ఆ లెక్క తప్పింది. బయటి డబ్బు వచ్చింది, నీళ్ళలో గట్లు కట్టి చెరువులు చేశారు. 1990ల మొదట్లో ఒక పెద్ద కంపెనీ రొయ్యల ప్రాజెక్టుకి వ్యతిరేకంగా మత్స్యకారులు, విద్యార్థులు లేచారు, చిల్కా బచావో అని. ప్రాజెక్టు ఆగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిల్కాకి 1,000 మీటర్ల లోపు రొయ్యల సాగు వద్దంది. తీర్పు వచ్చినా గట్లు పోలేదు. 1999 మే నెలలో చిల్కా ఒడ్డున సొరాణా ఊళ్ళో పోలీసు కాల్పుల్లో నలుగురు పోయారు. వాళ్ళు చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. టూరిజం గురించి మాట్లాడేటప్పుడు ఇదంతా ఎందుకు అంటారేమో. ఆ నీళ్ళు ఎవరివి అన్న ప్రశ్న మీద ప్రాణాలు పోయాయి. కొత్తగా ఏది కట్టాలన్నా ఆ ప్రశ్నను దాటి పోలేం.

నీళ్ళ ఆరోగ్యం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఇది మీరు చాలాసార్లు విన్నారు. చిల్కా 1981లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇసుక, ఒండ్రు పేరుకుని సముద్రంలోకి దారి మూసుకుపోయింది, ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప పడిపోయింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టీలో పెట్టారు. 2000 సెప్టెంబరు 23న సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు నీళ్ళు తిరిగి వచ్చాయి, చేపా వచ్చింది. 2002లో ఆ పట్టీలోంచి తీసేశారు. ఆ పని చేసిన చిల్కా అభివృద్ధి సంస్థకు అదే ఏడు రామ్‌సర్ అవార్డు కూడా వచ్చింది. ఒక సరస్సును చెడగొట్టి మళ్ళీ బాగు చేసుకోగలిగిన చోటు ఇది. మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతే.

ఇప్పుడు గదుల దగ్గరకు వస్తాను. 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనల ప్రకారం గరిష్ఠ వరద మట్టం సగటు గీత నుంచి 50 మీటర్ల లోపు పక్కా నిర్మాణాలు కట్టకూడదు, పడవ జెట్టీలు తప్ప. మన చిన్న దీవుల్లో నాలుగు వైపుల నుంచీ 50 మీటర్లు తీసేస్తే మిగిలేది ఎంత? వెళ్ళినప్పుడు అడుగులు వేసి చూడండి. ఇంక మరుగుదొడ్డి నీళ్ళు ఎక్కడికి పోతాయి? రాతి గుట్టలో గొయ్యి తవ్వితే అది ఇంకదు, జారి నీళ్ళలోకే పోతుంది. దీవికి పది అడుగుల దూరంలో వల ఉంటుంది. జనరేటర్ పెడతారు, దానికి డీజిలు. రాత్రంతా లైట్లు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ రాత్రి మనమంతా ఇళ్ళల్లో తలుపులకు అడ్డంగా బల్లలు పెట్టుకుని కూర్చున్నాం. ఆ రాత్రి దీవి మీద కాటేజీల్లో నలభై మంది టూరిస్టులు ఉండి ఉంటే? వాళ్ళను తీసుకురమ్మని ఎవర్ని పంపేవాళ్ళం? మళ్ళీ ఆ పడవ నడిపే పెద్దాయన్నే కదా.

టూరిస్టులు రావద్దని నేను అనను. రావాలి, మనవాళ్ళకు నాలుగు డబ్బులు రావాలి. గదులు రంభ ఒడ్డున ఉండనీయండి. ప్రభుత్వ వసతి గృహం పాంథనివాస్ అక్కడే ఉంది. ఇంకా కావాలంటే ఊళ్ళో ఇళ్ళు బాగు చేసుకుని అతిథులను పెట్టుకోవచ్చు. పీతల కూర, రొయ్యల వేపుడు ఒడ్డునే వండనీయండి, ఆడవాళ్ళ చేతికి ఆ డబ్బు వస్తుంది. దీవికి పొద్దున వెళ్ళండి, చూడండి, కూర్చోండి, సాయంత్రానికి వచ్చేయండి. రాజులు చేసిందీ అదే. తీసుకెళ్ళిన సీసా, ప్లేటు తిరిగి తెచ్చేయండి. ఒకసారికి ఒక దీవి మీద ఇన్ని పడవలే అని పడవల సంఘమే నిర్ణయించుకుంటే, ఆ నిర్ణయాన్ని అధికారులు గౌరవిస్తే, ఇంకేం కావాలి?

(సభలో నుంచి ఒకరు అడిగారు: కాళీజాయి దీవి మీద జనం వేలల్లో వస్తారు కదా, దాని సంగతేమిటని.)

మంచి ప్రశ్న అడిగారండి. కాళీజాయి అమ్మవారి దగ్గర సంక్రాంతికి పెద్ద జాతర జరుగుతుంది. అత్తవారింటికి పడవలో పోతూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే పెళ్ళికూతురి కథ మీ అందరికీ తెలుసు. అక్కడికి జనం మొక్కుకు వస్తారు, దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. పడవవాళ్ళకు ఆమె తల్లి. ఆ దీవి మీద వాళ్ళకు భయం ఉంది, భక్తి ఉంది. జాతర చెత్త మాత్రం సమస్యే, కాదనను. దాన్ని జాతర చేసేవాళ్ళే తీయాలి. కానీ ఆ జనాన్ని చూపించి సంకుడా మీదా, బర్కుడా మీదా కట్టేయవచ్చు అంటే నేను ఒప్పుకోను.

(ఇంకొకరు: ఆ పాత విడిదిని బాగు చేయించవచ్చు కదా?)

కప్పు వేసి గదులు చెయ్యడం వద్దు. గోడలు ఇంకా కూలకుండా చూస్తే చాలు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. సిమెంటు మాత్రం పుయ్యకూడదు. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాక ఇటుక కుళ్ళుతుంది. ఏ వేరు ఉంచాలో, ఏది తీయాలో చెట్టు తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకుని చూసుకోవాలి. పక్కనే ఒక చిన్న బోర్డు. ఎవరు కట్టారు, ఎందుకు వదిలేశారు, ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో. బర్కుడా మీద కూడా ఒక బోర్డు, ఆ నలికిరి బొమ్మతో. ఆకులు కదపవద్దని రాస్తే పిల్లలు మనకన్నా బాగా పాటిస్తారు.

ఒక పని మాత్రం మీరు చెయ్యాలి. ఈ హాల్లో కొందరి ఇళ్ళల్లో నలభై, యాభై ఏళ్ళ కిందటి పిక్నిక్ ఫోటోలు ఉంటాయి. స్కూలు వాళ్ళు తీసుకెళ్ళినవో, పెళ్ళయిన కొత్తలో వెళ్ళినవో. వెనక ఆ విడిది గోడ ఉందేమో చూడండి. ఏ ఏడు తీసిందో వెనక రాసి, వచ్చే నెల సభకు ఒక కాపీ తీసుకురండి. గోడ ఎప్పుడు ఎంత ఉందో వాటిని వరసగా పెడితే తెలుస్తుంది. మేస్త్రీకి చూపించడానికి అవే పనికొస్తాయి. కాపీలు తీసే ఖర్చు సంఘం పెట్టుకుంటుందని కార్యదర్శి గారు ఇప్పుడే చెయ్యెత్తారు.